ఇంటి మొక్కలను ఆశించే పురుగులు

ఇంటి లోపల, కిటికీల వద్ద, వరండాలలో కుండీలలో పెంచే మొక్కల రసాన్ని పీల్చి లేదా వేళ్ళను తిని నష్టపరిచే చిన్న జీవులను ఇంటి మొక్కలను ఆశించే పురుగులు అంటారు. వీటిలో ముఖ్యమైనవి పిండినల్లి, పొలుసు పురుగు, ఎర్రనల్లి, పేనుబంక, తెల్లదోమ, తామర పురుగు మరియు కుండీ మట్టిలో పెరిగే ఫంగస్ దోమ. ఎర్రనల్లి తప్ప మిగిలినవన్నీ ఆరు కాళ్ళు గల కీటకాలు. ఎర్రనల్లి సాలెపురుగులకు దగ్గర బంధువైన, ఎనిమిది కాళ్ళు గల జీవి. ఈ తేడా పేరుకు మాత్రమే పరిమితమైనది కాదు. కీటకాలను చంపే అనేక మందులు ఎర్రనల్లిపై పనిచేయవు. పైగా కొన్ని మందులు వాడినప్పుడు దాని సంఖ్య పెరుగుతుంది. అందువలన పురుగును సరిగ్గా గుర్తించడం నివారణలో మొదటి మెట్టు.

ఇంటి మొక్కలు మనుషులు నిద్రించే, వంట చేసే గదులలోనే ఉంటాయి. పొలంలో వాడే విషపు మందులను ఇక్కడ వాడితే మొక్క కంటే ఇంటిలోని వారికే ఎక్కువ హాని కలగవచ్చు. ఈ కారణంగా ఇంటి మొక్కల విషయంలో కడగడం, ఏరివేయడం, సబ్బు నీరు, వేప ఉత్పత్తులు వంటి పద్ధతులకు ప్రాధాన్యం ఇస్తారు.

ఇంటి లోపల పురుగులు పెరగడానికి కారణాలు

ఆరుబయట మొక్కలపై వాన నీరు పడి పురుగులు కొట్టుకుపోతాయి. అక్షింతల పురుగులు, సాలెపురుగులు, బదనికలు వంటి మిత్ర జీవులు వాటిని తింటాయి. ఇంటి లోపల వాన ఉండదు, గాలి తక్కువ, మిత్ర జీవులు దాదాపు ఉండవు. ఉష్ణోగ్రత కూడా ఏడాది పొడవునా పెద్దగా మారదు. అందువలన బయట కొద్ది సంఖ్యలో ఉండే పురుగు ఇంటి లోపల కొద్ది వారాలలోనే మొక్కనంతా కప్పివేయగలదు.

కొన్ని పురుగుల సంతానోత్పత్తి విధానం కూడా దీనికి తోడ్పడుతుంది. పేనుబంకలో ఆడ పురుగులు మగ పురుగుతో కలవకుండానే పిల్లలను కంటాయి. ఈ విషయాన్ని స్విట్జర్లాండుకు చెందిన ప్రకృతి శాస్త్రవేత్త ఛార్లెస్ బోనే 1740లో ప్రయోగం ద్వారా నిరూపించాడు. అప్పుడే పుట్టిన ఒక పేనుబంక పురుగును విడిగా ఉంచి పెంచగా, అది ఒంటరిగానే పిల్లలను కన్నది. అంటే ఒక్క ఆడ పురుగు ఇంటిలోకి చేరినా ఒక గుంపు ఏర్పడటానికి చాలు.

పురుగులు ఇంటిలోకి చేరే ముఖ్యమైన మార్గాలు:
* నర్సరీ నుండి కొత్తగా తెచ్చిన మొక్కలు
* ఇరుగుపొరుగుల నుండి తెచ్చుకున్న కొమ్మలు, పిలకలు, దుంపలు
* శుద్ధి చేయని మట్టి, సరిగ్గా చివకని పశువుల ఎరువు
* తెరచి ఉంచిన కిటికీలు, తలుపులు
* వేసవిలో ఆరుబయట ఉంచి తిరిగి లోపలికి తెచ్చిన కుండీలు
* పిండినల్లి, పేనుబంక, పొలుసు పురుగులను తేనె బంక కోసం కాపాడే చీమలు

గుర్తించే విధానం

మొక్కను పరిశీలించేటప్పుడు ఆకుల పైభాగం కంటే అడుగు భాగాన్ని ముందుగా చూడాలి. ఆకు కాడ కాండానికి అతుకుకునే చోటు, లేత చిగుళ్ళు, మొగ్గలు, ఈనెల పక్కభాగాలు, కుండీ అంచు అడుగు పురుగులు దాగి ఉండే ఇతర స్థలాలు. పది రెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం ఉంటే చాలా వరకు పురుగులను ఇంట్లోనే పోల్చుకోవచ్చు.

పరిశీలనలో మొదట చూడవలసినది ఆకులపై గాని, కుండీ కింద నేలపై గాని జిగట ఉన్నదా అనేది. పిండినల్లి, పేనుబంక, తెల్లదోమ, మెత్తని పొలుసు పురుగులు సూది వంటి నోటి భాగాలను మొక్కలోని ఆహార నాళాలలోకి గుచ్చి రసం పీలుస్తాయి. ఆ రసంలో చక్కెర ఎక్కువ, మాంసకృత్తులకు కావలసిన నత్రజని పదార్థాలు తక్కువ. తగినంత నత్రజని కోసం పురుగు చాలా రసం తాగి, మిగిలిన చక్కెరను తేనె వంటి జిగట ద్రవంగా విసర్జిస్తుంది. దీనినే తేనె బంక అంటారు. దీనిపై నల్లని బూజు పెరిగి ఆకులు మసి పూసినట్లు కనిపిస్తాయి. దీనిని మసి తెగులు అంటారు. ఈ బూజు ఆకు లోపలికి చొచ్చుకుపోదు, కాని సూర్యరశ్మిని అడ్డుకుంటుంది. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. పురుగు పోకపోతే మళ్ళీ వస్తుంది.

ఎర్రనల్లి, తామర పురుగులు ఆహార నాళాలను కాక ఆకు పైపొరలోని ఒక్కొక్క కణాన్ని గుచ్చి ఖాళీ చేస్తాయి. అందువలన వీటి వలన జిగట ఏర్పడదు. ఖాళీ అయిన కణాలు తెల్లని లేదా పసుపు రంగు చుక్కలుగా, వెండి రంగు మచ్చలుగా కనిపిస్తాయి. కాబట్టి జిగట ఉంటే మొదటి గుంపును, జిగట లేకుండా ఆకు చుక్కలు పడి పాలిపోతే రెండవ గుంపును అనుమానించాలి.

ముఖ్య లక్షణాలను బట్టి పురుగును ఈ విధంగా పోల్చుకోవచ్చు:
* ఆకు మొదళ్ళలో దూది వంటి తెల్లని ముద్దలు, జిగట: పిండినల్లి
* కాండంపై, ఈనెల వెంట కదలని గోధుమ రంగు బుడిపెలు: పొలుసు పురుగు
* ఆకులపై సన్నని పసుపు చుక్కలు, ఆకుల నడుమ సన్నని గూడు: ఎర్రనల్లి
* చిగుళ్ళపై గుంపులుగా మెత్తని పురుగులు, ముడుచుకున్న లేత ఆకులు: పేనుబంక
* మొక్కను కదిపితే ఎగిరే తెల్లని చిన్న పురుగులు: తెల్లదోమ
* వెండి రంగు చారలు, వాటిపై నల్లని చిన్న చుక్కలు: తామర పురుగు
* మట్టి పైన, కిటికీ అద్దాలపై తిరిగే నల్లని చిన్న దోమలు: ఫంగస్ దోమ

ముఖ్యమైన పురుగులు

పిండినల్లి

ఇంటి మొక్కలపై తరచుగా కనిపించే పురుగులలో ఇది ఒకటి. ఆడ పురుగు సుమారు 3 నుండి 4 మి.మీ. పొడవుతో, కోలగా, రెక్కలు లేకుండా ఉంటుంది. శరీరం తెల్లని పిండి వంటి మైనపు పొడితో కప్పబడి ఉండటం వలన ఈ పేరు వచ్చింది. మగ పురుగులకు రెక్కలు ఉంటాయి. అవి ఆహారం తీసుకోకుండా కొద్ది రోజులే జీవిస్తాయి. నిమ్మ పిండినల్లి వంటి జాతులలో ఆడ పురుగు దూది వంటి సంచిలో కొన్ని వందల గుడ్లు పెడుతుంది. గుడ్ల నుండి వెలువడిన పిల్ల పురుగులు పసుపు రంగులో ఉండి, అనువైన చోటు కోసం పాకుతూ తిరుగుతాయి. ఈ దశలో వాటిపై మైనం చాలా తక్కువ. సబ్బు నీరు, వేప మందులు వీటిపైనే బాగా పనిచేస్తాయి. పెద్ద పురుగుల మైనపు పొర నీటిని దగ్గరకు రానివ్వదు.

కొన్ని జాతుల పిండినల్లి వేళ్ళపై నివసిస్తుంది. తగినంత నీరు పోస్తున్నా మొక్క వాడిపోతూ, ఆకులపై ఏ పురుగూ కనిపించకపోతే మొక్కను కుండీ నుండి తీసి వేళ్ళను చూడాలి. వేళ్ళ మధ్య, కుండీ లోపలి గోడపై తెల్లని దూది మచ్చలు ఉంటే అది వేరు పిండినల్లి. కాక్టస్ జాతి మొక్కలలో ఇది ఎక్కువ.

పొలుసు పురుగు

పొలుసు పురుగులు చూడటానికి పురుగుల వలె ఉండవు. పిల్ల పురుగు ఒకచోట నోటి భాగాలను గుచ్చి స్థిరపడిన తరువాత, ఆడ పురుగు సాధారణంగా అక్కడే జీవితం గడుపుతుంది. వీటిలో ప్రధానంగా రెండు రకాలు ఉన్నవి. మెత్తని పొలుసు పురుగుల కవచం శరీరంలో భాగం. ఇవి తేనె బంకను విసర్జిస్తాయి. గట్టి పొలుసు పురుగుల కవచం శరీరానికి అంటుకోకుండా మూత వలె ఉంటుంది. సూది మొనతో కవచాన్ని లేపితే కింద మెత్తని పురుగు విడిగా కనిపిస్తుంది. ఇవి తేనె బంకను విసర్జించవు. పురుగు చనిపోయినా పొలుసు ఆకుపై అంటుకునే ఉంటుంది కనుక మందు పనిచేసినదీ లేనిదీ చూపుతో తెలియదు. గోటితో నొక్కినప్పుడు తడిగా ఉంటే బతికి ఉన్నట్లు, పొడిగా పొట్టు వలె రాలితే చనిపోయినట్లు గ్రహించాలి.

ఎర్రనల్లి

దీని పొడవు సుమారు అర మిల్లీమీటరు. ఇంటి మొక్కలపై ఎక్కువగా ఉండే రెండు చుక్కల నల్లి నిజానికి లేత పసుపు లేదా ఆకుపచ్చ రంగులో ఉండి, వీపున రెండు నల్లని మచ్చలు కలిగి ఉంటుంది. గుడ్డు నుండి వెలువడిన పిల్లకు ఆరు కాళ్ళే ఉంటాయి. తరువాతి దశలలో ఎనిమిది అవుతాయి. పొడి గాలి, వేడి దీనికి అనుకూలం. సుమారు 30 డిగ్రీల సెల్సియస్ వద్ద వారం, పది రోజులలో గుడ్డు నుండి పెద్ద నల్లి తయారవుతుంది. తెలుగు నేలలో మార్చి నుండి జూన్ వరకు, చలి దేశాలలో హీటర్లు వేసిన శీతాకాలపు గదులలో దీని ఉధృతి ఎక్కువ.

దీనిని గుర్తించడానికి సులువైన పరీక్ష ఉంది. అనుమానం గల ఆకు కింద తెల్ల కాగితం ఉంచి ఆకును రెండు మూడు సార్లు తట్టాలి. కాగితంపై పడిన దుమ్ములో కొన్ని చుక్కలు నెమ్మదిగా నడుస్తుంటే అవి నల్లులు. గూడు కంటికి కనిపించే సరికి ఉధృతి బాగా పెరిగినట్లు లెక్క. ఈ నల్లి మందులను తట్టుకునే శక్తిని త్వరగా సంపాదిస్తుంది. దీని జన్యుపటం 2011లో వెలువడింది.

పేనుబంక

ఇవి 1 నుండి 3 మి.మీ. పొడవుతో ఆకుపచ్చ, నలుపు, పసుపు రంగులలో ఉంటాయి. శరీరం వెనుక భాగాన రెండు చిన్న గొట్టాలు ఉండటం వీటి ప్రత్యేక గుర్తు. గుంపు పెద్దదై తిండి తగ్గినప్పుడు రెక్కలు గల పురుగులు పుట్టి మరొక మొక్కకు ఎగిరిపోతాయి. ఆకులపై కనిపించే తెల్లని పొట్టు ఇవి విడిచిన చర్మం. ఇది చూసి తెల్లదోమ అని పొరబడటం కలదు. పేనుబంక శరీరం మెత్తనిది కనుక నీటి ధారతో, సబ్బు నీటితో తేలికగా అదుపులోకి వస్తుంది.

తెల్లదోమ

పేరులో దోమ ఉన్నా ఇది దోమ జాతికి చెందదు, పేనుబంకకు దగ్గర బంధువు. పొడవు 1 నుండి 1.5 మి.మీ. పిల్ల పురుగులు ఆకు అడుగున పారదర్శకమైన చిన్న పొలుసుల వలె అంటుకుని ఉంటాయి. ఎగిరే పెద్ద పురుగులను మాత్రమే చంపితే ప్రయోజనం ఉండదు. ఆకుల అడుగున ఉన్న గుడ్లు, పిల్ల దశల నుండి కొద్ది రోజులలో కొత్త పురుగులు వెలువడతాయి.

తామర పురుగు

సుమారు 1 నుండి 2 మి.మీ. పొడవు గల సన్నని పురుగు. దీని రెక్కల అంచులకు కుచ్చు వంటి వెంట్రుకలు ఉంటాయి. ఆడ పురుగు గుడ్లను ఆకు కణజాలం లోపల పెడుతుంది. చాలా జాతులలో కోశస్థ దశ మట్టిలో గడుస్తుంది. ఈ విధంగా జీవిత చక్రంలో రెండు దశలు పైమందుకు అందవు. అందుకే ఇంటి మొక్కలపై దీని నివారణ కష్టం. ఆకులపై పిచికారీతో పాటు మట్టి పైపొరను మార్చడం కూడా అవసరం.

తామర పురుగులలో ఒకటైన త్రిప్స్ పార్విస్పైనస్ తెలుగు రైతులకు సుపరిచితం. భారతదేశంలో దీనిని 2015లో బెంగళూరులో బొప్పాయిపై గుర్తించారు. 2021-22లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో మిరప పూతను నాశనం చేసి తీవ్ర నష్టం కలిగించింది. ఇదే పురుగు అమెరికాలోని ఫ్లోరిడాలో అలంకరణ మొక్కలపై కనిపిస్తున్నది. ఒకే పురుగు పొలానికి, పూల కుండీకి మధ్య ఏ విధంగా తిరుగుతుందో చెప్పడానికి ఇది ఒక ఉదాహరణ.

ఫంగస్ దోమ

ఇవి 2 నుండి 4 మి.మీ. పొడవు గల నల్లని, సన్నని కాళ్ళ దోమలు. మనుషులను కుట్టవు. పెద్ద దోమలు మొక్కకు హాని చేయవు. వీటి లార్వాలు తెల్లగా, నల్లని మెరిసే తలతో ఉండి, ఎప్పుడూ తడిగా ఉండే మట్టిలోని బూజును, కుళ్ళిన పదార్థాన్ని, లేత వేళ్ళను తింటాయి. నారు మొక్కలకు, కొత్తగా నాటిన కొమ్మలకు వీటి వలన నష్టం ఎక్కువ. పచ్చి బంగాళాదుంప ముక్కను మట్టిపై ఉంచి రెండు మూడు రోజుల తరువాత తిప్పి చూస్తే, లార్వాలు ఉన్నట్లయితే దాని అడుగున చేరి ఉంటాయి. ఈ దోమలు కనిపించాయంటే మొక్కకు నీరు ఎక్కువగా పోస్తున్నట్లు అర్థం.

పురుగులుగా పొరబడే ఇతర విషయాలు

ఆకులు పాలిపోయిన ప్రతిసారీ పురుగే కారణం కాదు. మందు చల్లే ముందు ఈ క్రింది విషయాలను గమనించాలి.
* ఫెర్న్ ఆకుల అడుగున వరుసగా, సమాన దూరంలో ఉండే గోధుమ రంగు చుక్కలు సిద్ధబీజాల సముదాయాలు. పొలుసు పురుగులు ఇంత క్రమంగా ఉండవు.
* ఆర్కిడ్ల వంటి కొన్ని మొక్కలు పూకాడలపై సహజంగానే తియ్యని బిందువులను స్రవిస్తాయి. పురుగు కనిపించకుండా బిందువులు మాత్రమే ఉంటే భయపడనవసరం లేదు.
* మనీ ప్లాంట్ ఆకుల కొనల వద్ద ఉదయం కనిపించే నీటి బొట్లు మొక్క విసర్జించిన నీరే.
* బోరు నీటిలోని లవణాలు ఆకులపై, కుండీ అంచున తెల్లని మచ్చలుగా మిగులుతాయి. ఇవి దూది వలె సాగవు.
* తడి మట్టిలో ఎగిరి గెంతే తెల్లని సూక్ష్మ జీవులు కుళ్ళిన పదార్థాన్ని తింటాయి. మొక్కకు హాని చేయవు.
* అడుగు ఆకులు ఒకటి రెండు పసుపు రంగుకు మారడం వయసు వలన కావచ్చు. అన్ని ఆకులూ మెత్తబడి పసుపైతే నీరు ఎక్కువై వేళ్ళు కుళ్ళి ఉండవచ్చు.

మిత్ర పురుగును శత్రువుగా పొరబడటం కూడా కలదు. పిండినల్లిని తినే క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు లార్వా పొడవైన తెల్లని మైనపు పోగులతో పెద్ద పిండినల్లి వలె కనిపిస్తుంది. పిండినల్లి మందకొడిగా ఉంటుంది, ఈ లార్వా చురుకుగా తిరుగుతుంది.

నివారణ పద్ధతులు

వేరు చేయడం

పురుగు కనిపించిన వెంటనే ఆ మొక్కను మిగిలిన వాటి నుండి దూరంగా ఉంచాలి. ఆకులు ఒకదానికొకటి తగులుతూ ఉంటే పాకే పురుగులు సులువుగా పక్క మొక్కకు చేరతాయి. పక్కనున్న మొక్కలను కూడా పరిశీలించాలి. పురుగు పట్టిన మొక్కను ముట్టుకున్న తరువాత చేతులు, కత్తెర కడిగి వేరే మొక్కను తాకాలి.

కడగడం, ఏరివేయడం

బాగా దెబ్బతిన్న ఆకులను, కొమ్మలను కత్తిరించి సంచిలో మూటకట్టి పారవేయాలి. మట్టి జారిపోకుండా కుండీ పైభాగాన్ని ప్లాస్టిక్ సంచితో కట్టి, మొక్కను పక్కకు వంచి, ఆకుల అడుగు భాగం తడిసేలా నీటి ధారతో కడగాలి. పేనుబంక, ఎర్రనల్లి తొలి దశలో ఉంటే మూడు నాలుగు రోజులకు ఒకసారి చేసే ఈ పని ఒక్కటే సరిపోవచ్చు. పొలుసు పురుగులను పాత టూత్ బ్రష్‌తో రుద్ది తొలగించాలి. పిండినల్లి ముద్దలను 70 శాతం ఆల్కహాలు గల స్పిరిట్‌లో ముంచిన దూదితో అద్దితే మైనం కరిగి పురుగు చనిపోతుంది. స్పిరిట్‌కు త్వరగా నిప్పు అంటుకుంటుంది కనుక పొయ్యి, దీపం దగ్గర ఈ పని చేయరాదు.

సబ్బు నీరు

సబ్బు పురుగు శరీరంపై ఉన్న మైనపు పూతను, కణపు పొరలను దెబ్బతీస్తుంది. మందు పురుగుకు నేరుగా తగలాలి. ఆరిన తరువాత దానికి శక్తి ఉండదు. ఇందువలన తడవని పురుగు బతికిపోతుంది, అయితే ఇంటిలో విషం మిగలదు. లీటరు నీటికి సుమారు 5 మి.లీ. గాఢత తక్కువ గల ద్రవ సబ్బు చాలు. బట్టలు ఉతికే పొడులు, గిన్నెలు తోమే గాఢమైన ద్రవాలు ఆకులను మాడ్చవచ్చు. ఉప్పదనం గల బోరు నీటిలో సబ్బు విరిగిపోయి పనిచేయదు కనుక మంచినీటిని వాడాలి.

వేప ఉత్పత్తులు

వేప గింజలలోని అజాడిరక్టిన్ అనే పదార్థం పురుగుకు తిండిపై విముఖత కలిగించి, చర్మం విడిచే ప్రక్రియను అడ్డుకుంటుంది. జర్మనీ శాస్త్రవేత్త హైన్రిచ్ ష్ముటరర్ 1959లో సూడాన్‌లో మిడతల దండు అన్ని చెట్లనూ తిని వేపను వదిలివేయడం గమనించాడు. ఈ పదార్థాన్ని 1968లో వేరుచేశారు.

లీటరు నీటిలో 5 మి.లీ. వేపనూనె, అది నీటితో కలవడానికి కొన్ని చుక్కల ద్రవ సబ్బు కలిపి చిలికి వెంటనే పిచికారీ చేయాలి. వేప గింజల కషాయానికి 50 గ్రాముల వేప పప్పు పొడిని మూటకట్టి లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, ఉదయం పిండి వడపోయాలి. ఇది 5 శాతం కషాయం. అజాడిరక్టిన్ సూర్యరశ్మికి త్వరగా విచ్ఛిన్నమవుతుంది కనుక సాయంత్రం పిచికారీ చేయాలి. వేప పురుగును వెంటనే చంపదు. ఫలితం కనిపించడానికి కొన్ని రోజులు పడుతుంది. వేప సహజమైనదే అయినా వేపనూనెను తాగడం, ముఖ్యంగా పసిపిల్లలకు తాగించడం ప్రమాదకరం. సీసాను వారికి అందకుండా ఉంచాలి.

సబ్బు నీరు, వేపనూనె, స్పిరిట్ వీటిలో దేనినైనా మొదట ఒకటి రెండు ఆకులపై వాడి, రెండు రోజులు చూచి తరువాత మొక్కంతటికీ వాడాలి. ఫెర్న్‌లు, మైనపు పూత గల రసభరితమైన ఆకుల మొక్కలు వీటికి సున్నితమైనవి. వాడిపోయి ఉన్న మొక్కపై, ఎండ నేరుగా పడుతున్నప్పుడు పిచికారీ చేయరాదు.

తిరిగి పిచికారీ చేయడం

ఇంటి మొక్కల వద్ద నివారణ విఫలం కావడానికి తరచు కారణం మందు కాదు, దానిని ఒక్కసారితో ఆపివేయడం. గుడ్లపై ఈ మందుల ప్రభావం తక్కువ. మొదటి పిచికారీలో పెద్ద పురుగులు చనిపోయినా, గుడ్ల నుండి వారం రోజులలో కొత్త పిల్లలు వస్తాయి. అవి పెరిగి గుడ్లు పెట్టకముందే రెండవ పిచికారీ పడాలి. అందువలన 5 నుండి 7 రోజుల వ్యవధితో కనీసం మూడు, నాలుగు సార్లు చేయాలి. ఆ తరువాత కూడా ఒక నెల పాటు మొక్కను గమనించాలి.

జిగురు అట్టలు, మట్టి యాజమాన్యం

పసుపు రంగు జిగురు అట్టలు తెల్లదోమ, ఫంగస్ దోమ, రెక్కలు గల పేనుబంకను, నీలి రంగు అట్టలు తామర పురుగులను ఆకర్షిస్తాయి. ఇవి పురుగు ఉనికిని తెలుసుకోవడానికి ఉపయోగపడతాయి గాని పిల్ల దశలను అరికట్టవు. ఫంగస్ దోమకు అసలు మందు మట్టిని ఆరనివ్వడమే. పైన 2 నుండి 3 సెం.మీ. మట్టి ఎండిన తరువాతనే నీరు పోయాలి. బాసిల్లస్ తురింజియెన్సిస్ ఇస్రాయెలెన్సిస్ అనే బాక్టీరియాను నీటిలో కలిపి మట్టిలో పోస్తే లార్వాలు చనిపోతాయి. 1976లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో కనుగొన్న ఈ బాక్టీరియాను దోమల నివారణకు కూడా వాడతారు. వేరు పిండినల్లి ఉంటే పాత మట్టిని పూర్తిగా తీసివేసి, వేళ్ళను కడిగి, కొత్త మట్టిలో నాటాలి.

జీవ నియంత్రణ

శత్రు పురుగును తినే మిత్ర జీవులను వదలడాన్ని జీవ నియంత్రణ అంటారు. ఆస్ట్రేలియాకు చెందిన క్రిప్టోలీమస్ అక్షింతల పురుగును 1898లో కాఫీ తోటల పొలుసు పురుగుపై ప్రయోగించడానికి భారతదేశానికి తెచ్చారు. తరువాత అది పిండినల్లిపై ఎంతో ఉపయోగపడింది. 1926లో ఇంగ్లాండులో ఒక గాజు గృహంలో తెల్లదోమ పిల్లలు నల్లబడటం గమనించడంతో ఎన్‌కార్సియా ఫార్మోసా అనే బదనిక వెలుగులోకి వచ్చింది. బొప్పాయి పిండినల్లి 2008లో కోయంబత్తూరులో కనిపించి బొప్పాయి, మల్బరీ, మందార వంటి మొక్కలకు వ్యాపించగా, 2010లో ప్యూర్టో రికో నుండి తెచ్చిన బదనికలు దానిని అదుపు చేశాయి.

గాజు గృహాలలో ఈ పద్ధతి విజయవంతమైనా, ఒకటి రెండు కుండీలు గల గదిలో నిలదొక్కుకోవడం కష్టం. శత్రు పురుగులు తగ్గగానే మిత్ర పురుగులు ఆకలితో చనిపోతాయి లేదా వెళ్ళిపోతాయి. అయితే వరండాలో ఉన్న మొక్కపై అక్షింతల పురుగులు కనిపిస్తే మందు చల్లకుండా కొన్ని రోజులు వేచి చూడటం మేలు.

రసాయన మందులు

ఒకప్పుడు కుండీలలో ఫోరేట్ గుళికలు వేయడం, డైక్లోర్‌వాస్ పిచికారీ చేయడం తెలుగు ఇళ్ళలో కూడా ఉండేది. ఈ రెండూ నాడీ వ్యవస్థపై పనిచేసే తీవ్ర విషాలు. 2018లో భారత ప్రభుత్వం జారీ చేసిన ఉత్తర్వు ప్రకారం 2020 డిసెంబరు 31 నుండి వీటిని నిషేధించారు. పాత డబ్బాలు ఇంట్లో మిగిలి ఉంటే వాడరాదు.

భారతదేశంలో పురుగు మందుల డబ్బాలపై విషతీవ్రతను తెలిపే రంగుల త్రికోణం ఉంటుంది. ఎరుపు అత్యంత విషపూరితమైనది. తరువాత వరుసగా పసుపు, నీలం, ఆకుపచ్చ వస్తాయి. ఎరుపు, పసుపు గుర్తుల మందులకు ఇంటి లోపల స్థానం లేదు. ఏ మందునైనా శీతల పానీయాల సీసాలలో పోసి ఉంచరాదు. నీరు లేదా పానీయం అనుకుని పిల్లలు తాగే ప్రమాదం ఉంది. తులసి, పుదీనా, కొత్తిమీర, కరివేపాకు వంటి తినే మొక్కలపై అలంకరణ మొక్కల మందులు వాడరాదు. మొక్క అంతటా వ్యాపించే మందులు కడిగినా పోవు.

కరివేపాకు మొక్క - ప్రత్యేక జాగ్రత్త

విదేశాలలో స్థిరపడిన తెలుగువారు కుండీలో కరివేపాకు పెంచుకోవడం సర్వసాధారణం. శీతాకాలంలో ఇంటి లోపలికి తెచ్చినప్పుడు దీనికి ఎర్రనల్లి, పొలుసు పురుగులు పడతాయి. వీటిని మించిన సమస్య నిమ్మ జాతి సిల్లా పురుగు. కరివేపాకు, నిమ్మ, నారింజ ఒకే కుటుంబానికి చెందినవి కనుక ఈ పురుగు కరివేపాకుపై కూడా చక్కగా పెరుగుతుంది. ఇది నిమ్మ జాతి చెట్లను చంపే గ్రీనింగ్ తెగులును వ్యాప్తి చేస్తుంది. ఫ్లోరిడాలో 1998లో ఈ పురుగును, 2005లో తెగులును గుర్తించారు. తరువాతి సంవత్సరాలలో అక్కడి నారింజ తోటలు భారీగా దెబ్బతిన్నాయి. కరివేపాకు మొక్క చూడటానికి ఆరోగ్యంగా ఉన్నా పురుగు గుడ్లను మోసుకుపోగలదు. ఈ కారణం చేతనే అమెరికాలో పురుగు ఉన్న ప్రాంతాల నుండి కరివేపాకు మొక్కల తరలింపుపై ఆంక్షలు ఉన్నవి. పరిచయస్తుల నుండి మొక్కను తీసుకుని మరొక రాష్ట్రానికి వెళ్ళేవారు ఈ నియమాలను ముందుగా తెలుసుకోవాలి.

ముందు జాగ్రత్తలు

* కొత్త మొక్కను కొనేటప్పుడు ఆకుల అడుగు భాగం చూడాలి. ఇంటికి తెచ్చాక మూడు, నాలుగు వారాలు విడిగా ఉంచాలి.
* వారానికి ఒకసారి నీరు పోసేటప్పుడే ప్రతి మొక్కనూ పరిశీలించాలి.
* ఆకులపై దుమ్మును తడిగుడ్డతో తుడవాలి. దుమ్ము, పొడి గాలి ఎర్రనల్లికి అనుకూలం.
* నత్రజని ఎరువు అధికంగా వేయరాదు. మెత్తని చిగుళ్ళు పేనుబంకను, పిండినల్లిని ఆకర్షిస్తాయి.
* చీమల బారు మొక్కపైకి వెళ్తుంటే దానిని అనుసరించి చూడాలి. పురుగు తరచు అక్కడే ఉంటుంది.
* మొక్కకు తగిన వెలుతురు ఉండేలా చూడాలి. బలహీనమైన మొక్క పురుగుల దాడి నుండి తేరుకోలేదు.

ఎంత ప్రయత్నించినా పురుగు పోని మొక్కను ఉంచుకోవడం మిగిలిన మొక్కలకు ముప్పు. అటువంటప్పుడు పురుగు లేని ఒక కొమ్మను కడిగి విడిగా నీటిలో వేరు తొడిగించి, పాత మొక్కను మట్టితో సహా సంచిలో కట్టి పారవేయాలి. కుండీని సబ్బుతో రుద్ది కడిగి ఎండబెట్టి తిరిగి వాడుకోవచ్చు. మనీ ప్లాంట్, ఫిలోడెండ్రాన్, కోలియస్ వంటి సులువుగా వేరు తొడిగే మొక్కలను ఈ విధంగా కాపాడుకోవచ్చు.